ప్రామాణిక గేదె

ముప్పాళ్లదిన్నెలో గేదెల్ని కొలవడానికి మనుషులొస్తున్నారన్న కబురు ముందు టీ బంకుకు చేరింది. ఎందుకు కొలుస్తారో కబురులో లేదు. ఆ లోటును ఊరే పూడ్చుకుంది. గేదె ఎంత లావుంటే అంత లోను ఇస్తారని పొద్దు గూకేలోగా తేల్చేసింది.

ఆ ఊళ్లో ప్రభుత్వం ఏదైనా కొలిచిందంటే తర్వాత పన్నన్నా వస్తుంది, లోనన్నా వస్తుంది. పన్నయితే తక్కువ చూపాలి. లోనయితే ఎక్కువ చూపాలి. గేదె మీద పన్ను వేసే ధైర్యం ఇంతవరకు ఏ ప్రభుత్వానికీ కలగలేదు కాబట్టి ఎక్కువే చూపాలని పెద్దలు నిర్ణయించారు. ఉన్న గేదెను ఎక్కువ చేసి చూపే విద్య తెలిసినవాడు ఊళ్లో ఒక్కడే. గోనుగుంట అంకయ్య.

అంకయ్య వయసులో ఉండగా సంతల్లో పశువుల బేరాలు చేశాడు. సంత రోజు తెల్లారగట్ల కుడితిలో ఉప్పు కలిపి పెడితే గేదెకు దాహం పుడుతుంది. పెట్టిన నీళ్లన్నీ తాగుతుంది. డొక్కలు పూడతాయి, పొట్ట బానలా తిరుగుతుంది, కొనేవాడి కళ్లకు ముసలిది కూడా రెండో ఈత గేదెలా కనిపిస్తుంది. ఇంతే ఆ విద్య. పెళ్లాం తిరపతమ్మ పోయాక అంకయ్య బేరాలు మానేశాడు. మాటలు కూడా చాలావరకు మానేశాడు. తిరపతమ్మ మంచాన పడి ఉన్నన్నాళ్లూ గడప తొక్కనివాళ్లు పెద్దకర్మ భోజనానికి మాత్రం వరసగా వచ్చి కూర్చున్నారు. ఒక్కొక్కరి పేరూ అతనికి గుర్తుంది.

అయినా పక్కింటి పిచ్చమ్మ గోడ మీదుగా అడిగింది.

"బావా, కుడితిలో ఉప్పు ఎంత ఎయ్యమంటావ్?"

"నీ కూరలో ఏసినంత ఎయ్యి. వాగు మొత్తం తాగి వచ్చుద్ది."

పిచ్చమ్మకు కోపం రాలేదు. అది పనికొచ్చే సలహా అని ఆమెకు తెలుసు. ఆ మాట ఇల్లిల్లూ తిరిగింది. మర్నాడు పొద్దున ఊళ్లో గేదెలన్నీ పీపాల్లా ఉబ్బి, కదల్లేక, కాళ్లు ఎడంగా పెట్టుకుని నిలబడ్డాయి.

పశు పరిమాణాభివృద్ధి సంస్థ నుంచి ఇద్దరు కొలతగాళ్లు టేపుతో వచ్చారు. ముందు కాళ్ల వెనకగా ఛాతీ చుట్టూ కొలవాలని వాళ్లకు శిక్షణలో చెప్పారు. అక్కడికి కొమ్ము అందుతుందని మాత్రం చెప్పలేదు. మొదటి గేదె తల విసిరాక వాళ్లు వెనక్కి జరిగి పొట్ట మధ్యలో కొలిచారు. భుజం దగ్గర తీసుకోవాల్సిన ఎత్తును దూరం నుంచే కర్ర నిలబెట్టి కొమ్ము కొస దగ్గర తీసుకున్నారు. చూస్తున్న ఊరివాళ్లకు ఇది తప్పని తెలుసు. కానీ తప్పు వల్ల అంకె పెరుగుతోంది. పెరిగే అంకెను ఎవడు సరిదిద్దుతాడు? అంకయ్య తన పాక గుంజకు ఆనుకుని అంతా చూసి ఊరుకున్నాడు.

లోను రాలేదు. నాలుగు నెలల తర్వాత ప్రాజెక్టు అధికారి డాక్టర్ భుజంగశాయి వచ్చాడు. బడి వరండాలో సభ పెట్టించి, శాలువా కప్పించుకుని, లేచి నిలబడ్డాడు.

"ఈ గ్రామ మహిషీ సంపద యొక్క సగటు దేహ పరిమాణం జిల్లాలో అగ్రస్థానమున ఉన్నట్లు మా గణాంక విభాగము నిర్ధారించింది. ఇందుమూలముగా ముప్పాళ్లదిన్నె సగటును జిల్లా ప్రమాణముగా స్వీకరించడమైనది."

జనం చప్పట్లు కొట్టారు.

"పెద్ద పశువుకు పెద్ద దూడ, పెద్ద దూడకు పెద్ద పొదుగు. ఇది శాస్త్రము. కావున ప్రమాణమునకు తక్కువైన ఏ పశువుకూ ఇకపై గర్భధారణ సౌకర్యము కల్పించబడదు."

చప్పట్లు సగంలో ఆగాయి.

"అంటే ఏందయ్యా?" అంది పిచ్చమ్మ.

"కొలత సరిపోయిన గేదెకే చూడి సూది వేస్తారంట," అన్నాడు కాంపౌండరు మస్తాన్. ఆ చుట్టుపక్కల గేదెలు ఎదకొస్తే సూది వేసేది అతనే.

"సూది లేకపోతే పీడాపాయె. ఊరి దున్న లేదా?"

దున్నను అదే రోజు కొలిచారు. అది ఊరందరిదీ కాబట్టి దానికి ఎవరూ ఉప్పు పెట్టలేదు. ఖాళీ కడుపుతో కొలతకు నిలబడింది, ఓడిపోయింది. సాయంత్రానికి లారీ ఎక్కించి తీసుకుపోయారు.

తర్వాత పశువుల ఆసుపత్రి ఆవరణలో ఇనప చట్రం లేచింది. ప్రామాణిక గేదె ఎంత ఉండాలో అంత బోను అది. గేదెను లోపలికి తోలాలి. పొట్ట రెండు పక్కలా ఇనుముకు ఆనాలి, కొమ్ము పైకమ్మిని తాకాలి. ఎక్కడన్నా వేలు దూరితే ఆ గేదె అనర్హం. మొదటి నెల చుట్టుపక్కల ఊళ్ల గేదెలన్నీ అందులోంచి నడిచి వెళ్లాయి. కొన్ని లోపలే వెనక్కి తిరిగి వచ్చిన దారినే బయటికొచ్చాయి. అంత ఖాళీ ఉంది. ఒక్కటీ నెగ్గలేదు. ఉప్పు సంగతి బయటపడితే మొదటికే మోసమని ఊరు మళ్లీ దాని జోలికి పోలేదు. భుజంగశాయి పైవాళ్లకు రాసిన నివేదికలో 'ఈ మాసమున ప్రమాణ పరిరక్షణ నూటికి నూరు శాతము' అన్నాడు.

రెండో నెలలో పిచ్చమ్మ తన గేదెను దగ్గు మందుకని తోలుకొచ్చింది. నిండు చూడిది. ఎండకు తాళలేక అది తనంతట తనే చట్రం నీడలోకి పోయి నిలబడింది. పొట్ట రెండు పక్కలా ఆనింది. మెడ ఎత్తితే కొమ్ము కమ్మిని తాకింది.

భుజంగశాయి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "మస్తాన్! సూదిమందు క్యాను తెరువు. జిల్లాలో ప్రథమ అర్హత!"

"సార్, అది చూడిది. నేడో రేపో ఈనుద్ది."

"చూడి అన్నది దాని వ్యక్తిగత విషయము. మనము పరిశీలించవలసినది పరిమాణము."

"చూడి మీద సూది వేస్తే దూడ పోద్ది సార్."

"నిబంధనలో వేయవలెను అని ఉంది. పోవును అని లేదు."

మస్తాన్ పొగలు కక్కే క్యానులోంచి మందు తీశాడు. గేదె వెనక్కి వెళ్లి, అధికారికి వీపు పెట్టి, మందును కాలి కింద మట్టిలో పోశాడు. పైకి మాత్రం, "అయింది సార్," అన్నాడు. పిచ్చమ్మకు ప్రోత్సాహకంగా దాణా బస్తా ఇచ్చారు. ఆ వారంలోనే గేదె ఈనింది.

భుజంగశాయి ఆ కబురు విన్నాడు. తర్వాత నివేదిక రాశాడు. 'పది మాసముల చూడి కాలము ప్రామాణిక పశువునందు ఒక్క వారమునకు తగ్గినట్లు గమనించడమైనది.'

దాణా బస్తా సంగతి ఊళ్లకు పాకింది. నెలలు నిండిన గేదెలన్నీ చట్రం ముందు బారు తీరాయి. ప్రతిదానికీ అర్హత వచ్చింది. ప్రతిదాని మందూ మట్టిలోకి పోయింది. అన్నీ వారంలోనో పక్షంలోనో ఈనాయి. సంస్థకు రాష్ట్ర స్థాయి ప్రశంస అందింది. నిజంగా సూది కావాల్సిన వట్టి గేదెలు మాత్రం పాకల్లో అరిచి అరిచి ఊరుకున్నాయి. పాలకేంద్రంలో క్యాన్లు తేలికయ్యాయి. అడిగితే భుజంగశాయి, "ఇది పరివర్తన దశ," అన్నాడు.

కార్తీకంలో అంకయ్య గేదె ఎదకొచ్చింది.

అది నిజానికి తిరపతమ్మ గేదె. ఆమె దాని అమ్మమ్మను పెయ్యదూడగా తెచ్చుకుని పెంచింది. ఇల్లు కట్టుకోకముందే దానికి పాక వేసింది. పోయేముందు ఆమె మొగుణ్ణి ఎవరికీ అప్పగించలేదు. గేదెను మాత్రం మొగుడికి అప్పగించింది. "ఈ సంతు పోనీయొద్దు," అంది, అంతే. ఆ గేదె తర్వాత ఈనినవన్నీ దున్నదూడలే. ఇప్పుడు వట్టిపోయి ఉంది, వయసు మళ్లుతోంది. గడ్డి కొరత. కబేళా బేరగాడు అప్పటికే గోడ మీదుగా దాని వీపు చూసి వెళ్లాడు. ఈ ఎద తప్పితే అది బండెక్కాల్సిందేనని అంకయ్యకు తెలుసు. రాత్రి నుంచి అది అరుస్తూ ఉంది. పొద్దున ఎద తీగలు వేసింది. సాయంత్రం దాటితే ఎద చల్లారిపోతుంది.

ఊరికి నేర్పిన విద్యను అంకయ్య తన గేదెకు తనే ప్రయోగించాడు. కుడితిలో ఉప్పు కలిపాడు. గోలెం మీద గోలెం నింపాడు. కొమ్ములు పొట్టిగా మెలి తిరిగి ఉంటాయి కాబట్టి వాటి మీద తన తలగుడ్డ చుట్టి ఎత్తు పెంచాడు. అట్లా నడిపించుకుంటూ ఆసుపత్రికి తోలుకొచ్చాడు.

గేదె చట్రంలో నిలబడింది. భుజంగశాయి చుట్టూ తిరిగి వేలు పెట్టి చూశాడు. ఎడమ పక్క దూరలేదు. కుడి పక్క దూరలేదు.

"తలపాగా ఎందుకు?"

"చలికి సారూ."

"మ్. అర్హత ఉన్నట్లే..." అని ఆయన కలం తీశాడు. అప్పుడే గేదె తోక ఎత్తింది. అది పోసిన మూత్రం కాలవగా పారి ఆయన బూట్ల చుట్టూ తిరిగి గేటు దాకా వెళ్లింది. ఎంతకీ ఆగలేదు. ఆగేసరికి ఎడమ పక్క వేలేమిటి, పిడికిలి దూరుతోంది. భుజంగశాయి పక్కకు జరిగి రాసుకున్నాడు: 'సదరు పశువు కొలత సమయమున ప్రమాణమును విసర్జించినది.'

దాణా బస్తా కోసం రెండో గేదెతో బారులో నిలబడ్డ పిచ్చమ్మ పగలబడి నవ్వింది.

"నువ్వు పెట్టిన ఉప్పే నిన్ను ముంచిందిగా బావా! ఆనాడు ఊరందరికీ నేర్పావు. ఈనాడు నీ గేదె ఉచ్చ పోసి చెరిపేసింది."

"నోరు ముయ్యి పిచ్చమ్మా."

"ఎందుకు ముయ్యాలి? సారుకీ తెలవనీ. సారూ, మీ టేపుగాళ్లు కొలిచింది గేదెల్ని కాదు, ఉప్పునీళ్లని! అంత గేదెలు ఈ జిల్లాలో యాడున్నయ్యి? మా తాతలనాడూ లేవు!"

మస్తాన్ క్యాను మూత పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు. అంకయ్య ఆశగా తల ఎత్తాడు. చట్రం ఇప్పుడైనా ఊడదీస్తారనుకున్నాడు.

భుజంగశాయి కళ్లు మెరిశాయి.

"ఉప్పు!" అన్నాడు. "పరిమాణము పెరుగుటకు ఉప్పు! ఇంత గొప్ప దేశీయ విజ్ఞానమును ఇన్నాళ్లూ దాచి ఉంచారా? మస్తాన్, రాసుకో. ప్రతి పశువుకూ ఉచిత లవణ పంపిణీ పథకము. పైకి ప్రతిపాదన పంపుతున్నాను."

"ఉప్పు సంగతి తర్వాత సారూ," అన్నాడు అంకయ్య. "దానికి సూది వెయ్యండి. పొద్దు గూకితే ఎద పోద్ది."

"పథకము మంజూరు కావలెను గదా. అంతవరకు ఓర్చుకొమ్మని పశువుకు నచ్చజెప్పండి."

అంకయ్య మస్తాన్ వెనక క్యాను గది దాకా వెళ్లాడు.

"మస్తానూ, మట్టిలో పోసేదేగా. అదేదో నా గేదెకు పొయ్యి."

"బాబాయ్, మట్టికి అర్హత అడిగేవాడు లేడు. నీ గేదెకు ఉండాడు. కిటికీలోంచి ఇటే చూస్తన్నాడు. నా పెన్షన్ దగ్గర పడింది, నన్నొదిలెయ్యి."

"నీ పెన్షన్ తగలెయ్య," అని అంకయ్య పలుపు చేతికి చుట్టుకున్నాడు.

వాగు అవతల వేరే జిల్లా. అక్కడికి శాస్త్రం ఇంకా రాలేదు. మొలలోతు నీళ్లలో గేదెను దాటించి, తుమ్మచెట్ల మధ్యగా తోలుకుపోయాడు. తిరపతమ్మ అయితే దారి పొడుగునా దానితో మాట్లాడుతూ నడిచేది. అంకయ్యకు మాటలు తోచలేదు. వీపు మీద చెయ్యి వేసి నడిచాడు.

ఇటుక బట్టీ పక్క మడుగులో ఓబులు అనేవాడి దున్న పడుకుని ఉంది. బురదలోంచి కొమ్ములు, ముట్టె మాత్రమే కనిపిస్తున్నాయి.

"కొలత ఎంతో చెప్పమంటావా?" అని అడిగాడు ఓబులు. వాగు ఇవతలి కథలన్నీ వాళ్లకు తెలుసు. సాయంత్రాలు అవి చెప్పుకుని నవ్వుకుంటారు.

"నాకెందుకు? చూసుకోవాల్సింది గేదె."

గేదె చూసుకుంది. అభ్యంతరం చెప్పలేదు. దున్న బురద కారుతూ లేచి వచ్చింది. ఎండ ఇంకా తుమ్మచెట్ల మీద ఉండగానే పని అయిపోయింది.

మూడో నెలలో మస్తాన్ పాకకు వచ్చి చెయ్యి పెట్టి చూశాడు. చూడి కట్టింది. ఆ మాట పెదవి దాటిన పాపానికి భుజంగశాయి అంకయ్యను పిలిపించాడు.

"మీ గేదె అనర్హమైనది."

"అవును సారూ."

"అనర్హమైన గేదె చూడి కట్టుటకు నిబంధనలలో వీలు లేదు."

"దానికి చదువు రాదు సారూ."

"అపహాస్యము వద్దు. దీనిని వట్టి గేదెగానే నమోదు చేస్తున్నాను. ఇకపై అది వట్టిదే."

"ఉండనియ్యండి," అని అంకయ్య ఇంటికొచ్చి వట్టి గేదెకు చిట్టూ తవుడూ కలిపి పెట్టాడు.

ఉప్పు బస్తాలు వచ్చాయి. గేదెలు తాగాయి, పారించాయి. కొన్నిటికి ఆగకుండా విరేచనాలు పట్టుకున్నాయి. చట్రం అలాగే నిలబడి ఉంది. కానీ అందులో నిండే గేదెలు ఒక్కొక్కటే తగ్గుతూ వచ్చాయి. అప్పటికే చూడి ఉన్నవన్నీ ఈనేశాయి. కొత్తగా చూడి కట్టించే దారి ఊళ్లో లేదు, ఉప్పు ఊరికే వస్తుండగా వాగు దాటే తిప్పలు ఎవరూ పడలేదు. శ్రావణం నాటికి ఆ చుట్టుపక్కల నిండు చూడితో ఉన్నది ఒక్కటే, నమోదులో వట్టిదిగా ఉన్న అంకయ్య గేదె.

ఆ నెలలోనే కమిషనర్ గారి తనిఖీ పడింది. ప్రామాణిక గేదెను కళ్లారా చూడాలని ఆయన కోరిక.

భుజంగశాయి మొదటిసారి అంకయ్య పాక ముందు చెప్పులు విడిచాడు.

"అంకయ్య గారూ, మీ పశువు ఇటీవల ఏపుగా పెరిగినట్లు తెలిసింది. దయచేసి రేపు ఆసుపత్రికి..."

"రాదు. ఈనే ఘడియల మీద ఉంది."

"వట్టి గేదెకు ఘడియలేమిటండీ?"

"అదే నేనూ అనుకుంటన్నా. వట్టి గేదెను కమిషనరుకు చూపిచ్చేదేంది?"

గేదె రాలేదు కాబట్టి చట్రమే వచ్చింది. ఆరుగురు మనుషులు ట్రాక్టరు మీంచి దింపి, పాక ముందు గేదె చుట్టూ దాన్ని బిగించారు. అంకయ్య అడ్డం పడ్డాడు. ఇద్దరు అతని రెక్కలు పట్టుకుని పక్కకు లాగారు. కమిషనర్ కారు దిగాడు. చట్రం దగ్గరికి వచ్చి తన వేలు పెట్టి చూశాడు. ఎటూ దూరలేదు.

"అద్భుతం," అన్నాడు. "పుస్తకాల్లో చదవడమే. ఇది ప్రమాణం."

గేదె మెడలో దండ పడింది. ఫోటోగ్రాఫరు మోకాళ్ల మీద కూర్చున్నాడు. గేదె వీపు వంచింది. తోక పక్కకు జరిగింది. అంకయ్య తనను పట్టుకున్నవాళ్లను విదిలించుకుని, కమ్మీల మధ్య నుంచి దూరి లోపలికి పోయాడు.

"వదలండ్రా! ఈనుతోంది. కమ్మీ తీయండి!"

"ఫోటో కానివ్వండి, ఒక్క నిమిషము..." అంటున్నాడు భుజంగశాయి.

కమ్మీ తీసింది పిచ్చమ్మ. గోడ దూకి వచ్చి, కొడవలి వీపుతో సీలలు కొట్టి ఊడదీసింది. నీళ్ల సంచి పగిలింది. ముందు కాళ్లు కనిపించాయి. అంకయ్య పట్టి లాగాడు. తడిసిన నల్లటి దూడ అతని ఒళ్లో పడింది. అతను ముందు దాని ముక్కు తుడవలేదు. తోక ఎత్తి చూశాడు. పెయ్య. చూసి, మాయలో, నెత్తుట్లో, అట్లాగే నేల మీద కూర్చుండిపోయాడు.

"మూతి తుడువు బావా, ఊపిరాడద్దూ," అంది పిచ్చమ్మ, తన కొంగుతో తనే తుడుస్తూ.

కమిషనర్ మళ్లీ చట్రంలో వేలు పెట్టబోయి ఆగాడు. ఇప్పుడు అందులో మనిషి దూరేంత ఖాళీ ఉంది. అతను భుజంగశాయి వైపు చూశాడు. భుజంగశాయి ఆలోచించడానికి ఎక్కువసేపు తీసుకోలేదు.

"సార్, తనిఖీ సమయమున పశువు ప్రామాణికముగానే ఉన్నది. అది నమోదైనది. పిదప జరిగినట్లు కనబడుచున్న ఈత, వట్టి గేదె అగుట చేత, సాంకేతికముగా జరగలేదు."

కమిషనర్ కాసేపు ఆ వాక్యాన్ని మనసులో తూచి చూసుకున్నాడు. బరువుగానే ఉన్నట్టుంది. "జరగలేదు," అని సంతకం పెట్టాడు.

మర్నాడు పొద్దున ఆఫీసు అటెండరు స్టీలు క్యారేజీ ఊపుకుంటూ అంకయ్య వాకిట్లోకి వచ్చాడు.

"బాబాయ్, కమిషనర్ గారు గెస్ట్‌హౌసులోనే దిగుండారు. ఆయనకు జున్నంటే పేణం. మన సారు పంపిచ్చాడు. రెండు గిన్నెల జున్నుపాలు పొయ్యి."

"ఏ గేదెవి?"

"ఏ గేదెవేంది? నీ గేదెవే. నిన్న ఈనిందిగా."

"ఎవురు చెప్పారు ఈనిందని?"

"ఊరంతా చూసిందిగా బాబాయ్!"

"ఊరు చూస్తే సరా? మీ సారు ఈనలేదని రాశాడు. ఆ పైసారు సంతకం పెట్టాడు. అంత చదువుకున్నోళ్లు అబద్ధం రాస్తారా? ఈనని గేదెకు జున్ను యాడిది? పో."

అటెండరు ఖాళీ క్యారేజీకి మూత పెట్టాడు. పాకలో, లేని దూడ నాలుగు కాళ్లూ తడబడుతూ లేచి, తల్లి పొదుగును తలతో ఒక్క కుమ్ము కుమ్మింది. లేని పాలు దాని మూతి రెండు పక్కలా కారి, చిక్కగా, పసుపుపచ్చగా, గడ్డి మీద పడుతున్నాయి.